మొదటిసారి పెరట్లో కోళ్ల గూడు: 10 పెట్టలకు ఎంత జాగా, ఏ జాలీ, ఏ కప్పు?

#1 జనగామ పెరడు

అందరికీ నమస్తే. ఇంటి వెనక 30×20 అడుగుల ఖాళీ జాగా ఉంది. గ్రామప్రియ పెట్టలు 10, పుంజు ఒకటి పెట్టాలని ఆలోచన. గుడ్లు ఇంటికే, అమ్మకానికి కాదు.

వెల్డర్ ఇచ్చిన కొలతలు ఇవి: 4×4 అడుగుల రేకు డబ్బా, 2 అడుగుల కాళ్ల మీద. మూడు వైపులా రేకు, ముందు చికెన్ మెష్, లోపల రెండు అంతస్తులు. పడమటి ప్రహరీకి ఆనించి పెడతానన్నాడు. పగలు బయట వదులుతాం, రాత్రికి మాత్రమే లోపల. ఎర్ర నేల, వాన నీళ్లు నిలవవు. వీధికుక్కలు బాగా ఉన్నాయి, ముంగిసలూ తిరుగుతాయి. పని ఇంకా మొదలుపెట్టలేదు. ఏం మార్చాలో చెప్పండి.

#2 పశువైద్యం

పని మొదలుపెట్టకపోవడమే మంచిదైంది. ఆ కొలతలు పక్కన పెట్టేయండి.

4×4 అంటే 16 చదరపు అడుగులు, 11 కోళ్లకు తలా ఒకటిన్నర కూడా రాదు. రాత్రికే కదా అనుకుంటాం. కానీ మూడు రోజులు ముసురు పట్టినా, ఊళ్లో తెగులు తిరుగుతున్నా, వాటిని పగలు కూడా లోపలే ఉంచాలి. ఆ ఇరుకులో ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలవుతుంది, రక్తం కనిపించిందంటే ఇక ఆపలేరు. రాత్రి గదిలో తలా 3 చదరపు అడుగులు, దానికి ఆనుకుని కప్పున్న జాలీ ఆవరణలో తలా 5 నుంచి 8 చదరపు అడుగులు చూసుకోండి. రెండో అంతస్తును జాగాగా లెక్కపెట్టకండి. పైనున్న వాటి రెట్ట కిందున్న వాటి వీపు మీద పడుతుంది, అంతే.

జాగా కన్నా పెద్ద తప్పు మూడు వైపుల రేకు. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఎడంగా పెట్టడం, ఒంట్లో వేడి పోవడానికి ముఖ్యంగా ఈ రెండే దారులు. మే నెలలో పడమటి గోడ సాయంత్రం దాకా ఎండ పీల్చి అర్ధరాత్రి దాకా వేడి వదులుతూ ఉంటుంది. దానికి ఆనించిన రేకు డబ్బాలో కోళ్లను పెట్టి తలుపేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? చలికాలంలో ఇంకో బాధ. రెట్టలోంచి వచ్చే అమోనియా బయటికి పోయే దారి లేక కళ్లు నీరు కారతాయి, గురక మొదలవుతుంది. జలుబని మందులు పోస్తుంటారు, జబ్బేమో గూట్లో ఉంటుంది.

మన ఎండలకు గూడంటే నాలుగు వైపులా గాలాడుతూ, ఏ వైపు నుంచీ పిల్లి దూరలేనిది. మూసుకుపోయిన పెట్టె చలి దేశాల లెక్క.

#3 పద్నాలుగు గేజి

డాక్టరు గారు గాలి సంగతి చెప్పారు, నేను జాలీ సంగతి చెప్తా.

చికెన్ మెష్, అదే ఆరు పలకల కళ్లున్న మెలితిప్పిన జాలీ, కోడిని లోపల ఉంచుతది. కుక్కను బయట ఉంచది. మామూలుగా దొరికేది 22, 24 గేజి. గేజి అంకె పెరిగితే తీగ సన్నం అయితదని గుర్తుపెట్టుకోండి, షాపులో చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. కుక్క పన్నుతో ఒక మెలిక తెంపితే చాలు, అక్కడినుంచి జాలీని చింపుకుంట పోతది.

మీకు కావాల్సింది వెల్డ్ మెష్, అంటే అడ్డం నిలువు తీగలను చదరాలుగా అతికిన జాలీ. కింద 2 అడుగుల ఎత్తు వరకు అర అంగుళం కన్ను, ఆపైన అంగుళం కన్ను. అంగుళం కన్ను తీగ 16 గేజికి సన్నం వద్దు, 14 అయితే ఇంకా మంచిది. కింద అర అంగుళం ఎందుకంటే ఎలుక, పాము, ముంగిస అన్నీ నేల మీదనుంచే వస్తయి. ఇంకోటి, కుక్క జాలీని చింపకుండనే కాలు లోపలికి పెట్టి జాలీకి ఆనుకుని పడుకున్న కోడి కాలు గుంజగలదు. చిన్న కన్ను ఉంటే ఆ బాధ లేదు.

ఇది చాలా షాపుల్లో కిలోల లెక్కన అమ్ముతరు. ధర తక్కువ అని ఎవరన్నా చెప్తే తీగ మందం చూడండి, బరువు తగ్గించే ఉంటడు. జింకు పూత మీద గోరుతో గీకి చూడండి. పొడి రాలితే రెండు వానలకు తుప్పే.

జాలీని ఉత్త బైండింగ్ వైరుతో కట్టి వదిలేయొద్దు. జాలీ మీద సన్నటి ఇనుప పట్టీ పెట్టి, 9 అంగుళాలకొక సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ వాషరుతో బిగించాలి. జాలీ ఎప్పుడూ ఫ్రేముకు బయటివైపు ఉండాలి. బయటినుంచి కుక్క తోస్తే ఫ్రేముకే ఆనుతది. లోపలివైపు బిగిస్తే తోసినకొద్దీ స్క్రూలు ఊడొస్తయి.

#4 జనగామ పెరడు

ఇద్దరికీ థాంక్స్. 6×16 అడుగుల దాకా జాగా ఇవ్వగలను. అందులో రాత్రి గది ఎంత, ఆవరణ ఎంత? ఏ దిక్కుకు పెట్టాలి? నేలలోంచి తవ్వుకుని రాకుండా చుట్టూ గోడ కట్టాలా?

#5 పద్నాలుగు గేజి

6×16 దండిగా సరిపోతది. 6×6 రాత్రి గది, 6×10 జాలీ ఆవరణ. మొత్తం ఒకటే కప్పు కింద.

పొడుగు తూర్పు పడమరలకు పెట్టండి. రాత్రి గది తూర్పు కొసన, ఆవరణ పడమర కొసన. పొద్దుటెండ గదిలో పడి ఊక ఆరుతది, సాయంత్రం ఎండను ఆవరణే కాస్తది. నైరుతి వాన జల్లు కూడా ముందు ఆవరణకే తగులుతది. ప్రహరీకి కనీసం 4 అడుగులు ఎడం ఇవ్వండి, గాలి ఆడతది, వెనక్కి మనిషి పోయే దారి ఉంటది, పిల్లి గోడ మీదనుంచి కప్పు మీదికి దుంకదు.

కప్పు వాలు దక్షిణానికి: ఉత్తరం వైపు ఎత్తు 7 అడుగులు, దక్షిణం వైపు 6. మనిషి నిలబడి ఊడ్చుకునేటట్టు ఉండాలి. వంగి ఊడ్చే గూడును ఎవ్వరూ ఊడ్వరు.

సామాను రాసుకోండి:

ఒకటిన్నర అంగుళం జీఐ (జింకు పూత ఇనుము) చదరపు పైపు, 20 అడుగులవి 10. అందులో 4 స్తంభాలకు (8 స్తంభాలు: ఉత్తరం వైపు నాలుగు ఎనిమిదిన్నర అడుగులవి, దక్షిణం వైపు నాలుగు ఏడున్నర అడుగులవి, అన్నీ అడుగున్నర భూమిలోకి), 2 వాసాలకు (10 అడుగులవి నాలుగు), 4 పర్లిన్లకు, అంటే వాసాల మీద రేకుల కింద పొడుగునా వేసే పైపులకు.
అంగుళం చదరపు పైపు 5. మూడు నడుము పట్టీలకు, రెండు తలుపులకు.
రేకులు 10 అడుగులవి 6. రేకు మీద రేకు ఎక్కితే ఒక్కోటి 3 అడుగుల పైచిలుకు కప్పుతది. ముందూ వెనకా దాదాపు 2 అడుగుల చూరు వస్తది, పక్కలకు అడుగు.
అర అంగుళం వెల్డ్ మెష్, 3 అడుగుల వెడల్పు, 50 అడుగుల చుట్ట ఒకటి.
అంగుళం వెల్డ్ మెష్, 4 అడుగుల వెడల్పు, 50 అడుగుల చుట్ట ఒకటి.
ఇటుకలు 300, సిమెంటు 6 బస్తాలు, దానికి తగ్గ ఇసుక, కంకర.

గుంతలు అడుగు × అడుగు × అడుగున్నర లోతు, 1:2:4 పాళ్ల (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు. ఎనిమిదింటికి రెండు బస్తాలకు కొంచెం ఎక్కువ పడతది. స్తంభం కింది కొసను రేకు ముక్కతో మూసి వెల్డ్ చేయించండి, తెరిచి పాతితే లోపలినుంచి తుప్పు పడతది. కాంక్రీటు పైభాగం నేలకన్నా అంగుళం ఎత్తుగా, బయటికి వాలుగా తీయాలి. స్తంభం మొదట్లో నీళ్లు నిలిస్తే అక్కడే తినేస్తది.

చుట్టూ గోడ అక్కర్లేదు. గదికి మాత్రం నాలుగున్నర అంగుళాల పిట్టగోడ, భూమిలో అర అడుగు, పైన 2 అడుగులు. గది నేల బయటి నేలకన్నా 9 అంగుళాలు ఎత్తు, మొరం నింపి దిమ్మిసతో కొట్టి పైన 3 అంగుళాల కాంక్రీటు. ఆవరణకు గోడ బదులు జాలీ మడత: 3 అడుగుల జాలీలో 2 అడుగులు నిలువుగా, మిగతా అడుగు బయటివైపు నేల మీద పరిచి, పైన 2 అంగుళాల మట్టి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతది, అడుగు వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి ఉండది. కాలికి జాలీ తగిలితే వదిలేసి పోతది.

#6 పెన్నా ఒడ్డు

లెక్క బాగుంది అన్నా, ఒకచోట సందు మిగిలింది. ఉత్తరం వైపు ఎత్తు 7 అడుగులు. 4 అడుగుల జాలీ 2 అడుగుల పైనుంచి మొదలైతే 6 దగ్గర ఆగిపోతుంది. చూరు కింద 16 అడుగుల పొడుగునా అడుగు ఖాళీ. తూర్పు, పడమర కొసల్లో, మధ్య అడ్డంలో కూడా కప్పు వాలు వల్ల మూడు మూలల సందు వస్తుంది. బావురుపిల్లి, పునుగుపిల్లి పైకెక్కే జంతువులు, వాటికి కావాల్సింది అదే.

చుట్ట మార్చక్కర్లేదు. అర అంగుళం జాలీ ఆవరణ మూడు వైపులకు 26 అడుగులే పడుతుంది, 24 అడుగులు మిగులుతుంది. దాన్ని అడుగు వెడల్పు పట్టీలుగా మూడు చీల్చండి. ఉత్తరం 16, మూడు అడ్డాలకు 18, మొత్తం 34 అడుగులు పోగా మిగిలింది తలుపుల కింది భాగానికి వస్తుంది.

రేకుల అలల కింద కూడా చూసుకోండి. రేకు పర్లిన్ మీద కూర్చున్నచోట ప్రతి అలకూ ఒక సందు ఉంటుంది. ఎలుకకు అది చాలు. పర్లిన్ వెంబడి జాలీ పట్టీ మడిచి కుక్కడమో, సిమెంటు పూయడమో చేయించండి.

#7 గౌతమి గట్టు

రేకు మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నానండి, తాటాకు కప్పు ఎవరూ చెప్పరేం? రేకు కింద మే నెలలో నిలబడి చూడండి. తాటాకు కింద ఆ సెగ ఉండదు. ఖర్చూ తక్కువే.

#8 పశువైద్యం

చల్లదనం విషయంలో తాటాకుకు సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ కోళ్ల గూటికి ఒట్టి తాటాకు వద్దంటాను. కారణం గోమార్లు. పగలంతా ఆకు మడతల్లో, వెదురు పగుళ్లలో దాక్కుని రాత్రి దిగి రక్తం తాగుతాయి. పగలు కోడిని ఎంత వెతికినా ఒక్కటీ కనిపించదు. తురాయి పాలిపోయి గుడ్లు తగ్గిపోతాయి, మేతలో లోపమనుకుంటారు. ఆకు కప్పులో వాటిని వదిలించాలంటే కప్పు పీకి తగలబెట్టడమే. ఎలుకలు కాపురం పెడతాయి, వాటి వెనకే జెర్రిపోతూ తాచూ వస్తాయి. రెండు మూడేళ్లకోసారి ఆకు మార్చాలి కూడా.

రెండూ కలిపితే సరి. రేకు వేసి, పైన సున్నం రెండు పూతలు. ఎండాకాలం మూడు నెలలు రేకు మీద కొబ్బరి మట్టలో, చెరుకు ఆకో, వరిగడ్డో పరిచి తాడు కట్టండి, వానలు పడగానే దించేయండి. రేకుకూ కోళ్లకూ మధ్య ఆకు ఉండకూడదు, రేకు పైనే ఉండాలి.

#9 గౌతమి గట్టు

సరేనండి, గోమార్ల మాట కాదనలేను. మా వైపు వాళ్ల కోసం ఇంకో ముక్క కలుపుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. రెండడుగుల చూరు గాలికి గొడుగులా లేస్తుంది. స్క్రూలు అల మీద ఉండాలి, గుంటలో వేస్తే నీరు కారుతుంది. చూరు అంచు పర్లిన్‌కు ప్రతి అల మీదా ఒక స్క్రూ, లోపలి పర్లిన్లకు అల విడిచి అల. వాసాన్ని స్తంభానికి ఉత్త చుక్క వెల్డింగుతో వదిలేయకుండా రెండు వైపులా పూర్తిగా పట్టించాలి. పల్లపు ఊళ్లలో గది నేల 9 అంగుళాలు చాలదు, అడుగున్నర పైన ఉండాలి.

#10 జనగామ పెరడు

ఎండాకాలం గోనె పట్టాలు తడిపి కడితే చాలని ఒకాయన అన్నారు. మరి వాన జల్లుకు ఏం కట్టాలి?

#11 పెన్నా ఒడ్డు

తడి గోనె పొడి గాలి ఉన్నచోట పనిచేస్తుంది. జనగామ, నల్గొండ, అనంతపురం, కడప ఎండలకు బ్రహ్మాండం. నీళ్లు ఆరుతూ వేడిని లాగేస్తాయి. కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో అదే పట్టా కడితే గాలి ఆగిపోతుంది, తేమ పెరుగుతుంది, కోడి రొప్పినా ఒంటి వేడి పోదు. అక్కడ ఫ్యాను పెట్టండి, పట్టా వద్దు. మీ దగ్గర కూడా గాలి వీచే వైపు ఒక్కటే కట్టి, ఎదురు వైపు తెరిచి ఉంచండి. ఎండ తగ్గగానే విప్పేయాలి. రాత్రి తడి గోనె పని లేదు.

వాన పరదా వేరే సంగతి. టార్పాలిన్ పైనుంచి కిందికి వేలాడదీయకండి. కింది అంచును పిట్టగోడకు బిగించి, తాడుతో కిందినుంచి పైకి లాగేలా పెట్టండి. పూర్తిగా లాగినా పైన అడుగు తెరిచే ఉండాలి. జల్లు, చలిగాలి కోడికి తగలవు, అమోనియా పైనుంచి పోతుంది. పెద్ద షెడ్లలో చేసేదీ ఇదే.

#12 ఊక తౌడు

లోపలి అమరిక ఎవరూ చెప్పలేదు, నేను అందుకుంటాను.

కోళ్లు ఎక్కి పడుకునే కర్రలు. తూర్పు గోడ వెంబడి రెండు, ఒక్కోటి 6 అడుగులు. కోడికి 9 అంగుళాల లెక్కన 11 కోళ్లకు 8 అడుగుల పైన కావాలి, 12 అడుగులు వస్తోంది, చాలు. గోడకు మొదటి కర్ర 15 అంగుళాల ఎడం, దానికి రెండోది ఇంకో 15. రెండూ ఒకే ఎత్తు, నేలనుంచి 2 అడుగులు. ఒకటి ఎత్తు ఒకటి పల్లం పెడితే పొద్దుగూకేసరికి పై కర్ర కోసం రోజూ కొట్లాటే. వనరాజ లాంటి బరువు జాతి అయితే అడుగున్నర చాలు. ఎత్తునుంచి కాంక్రీటు మీదికి దూకి దూకి అరికాలు వాచి గడ్డ కడుతుంది, అది మానడం కష్టం.

కర్ర 2 అంగుళాల లావు సరుగుడు బాదు, బెరడు తీసి, కణుపులు చెక్కి నున్నగా చేసింది. బెరడు కింద గోమార్లు చేరతాయి. మిగిలిన జీఐ పైపు ముక్కలు వాడొద్దు. జారుతుంది, చలికి గడ్డకట్టినట్టుంటుంది, ఎండకు కాలుతుంది. కర్రలను మేకులతో కొట్టేయకుండా గోడకు యూ ఆకారం కొక్కేలు పెట్టి అందులో దించండి. నెలకోసారి తీసి ఎండలో వేసి, కొసలను మంటతో చుర్రుమనిపించాలి. గోమార్లు దాక్కునేది ఆ కొసల దగ్గరే.

గుడ్లు పెట్టే గూళ్లు. నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున 10 పెట్టలకు మూడు. 12 అంగుళాల వెడల్పు, 12 లోతు, 14 ఎత్తు. ముందు 4 అంగుళాల అడ్డపట్టీ, లేకపోతే గడ్డితోపాటు గుడ్డు కూడా కిందికి దొర్లుతుంది. ఆవరణ వైపు అడ్డగోడకు ఆనించి, నేలనుంచి అడుగు ఎత్తున. కర్రలకన్నా గూళ్లు కిందే ఉండాలి. ఎత్తుగా ఉన్నదాన్ని కోడి పడకగా మార్చుకుంటుంది, పొద్దున చూస్తే గుడ్ల మీద రెట్ట. పైకప్పు బాగా ఏటవాలుగా పెట్టండి, దాని మీదా కూర్చోనివ్వకూడదు.

బయటినుంచి గుడ్లు తీసుకునే మూత పెట్టించమని వెల్డర్లు చెప్తారు. నేను వద్దంటాను. ఎలాగూ నిలబడి నడిచే గది కడుతున్నారు. ప్రతి మూతా ముంగిసకు ఇంకో తలుపు.

#13 జనగామ పెరడు

నేల మీద ఊక బదులు జాలీ నేల వేస్తే రెట్ట కిందికి పడిపోతుంది కదా, ఊడ్చే పని ఉండదు. ఎందుకు వద్దు?

#14 ఊక తౌడు

పడిపోదండీ, సగం జాలీకే అంటుకుంటుంది. కాలి కింద తీగ కోసుకుపోతుంది. కింద పడ్డ రెట్టను ఎలాగూ ఎత్తాలి, ఈగలూ దానికే చేరతాయి. రాత్రి కిందినుంచి కుక్క కాళ్లు పట్టుకుని గుంజడం ఇంకొకటి.

వరి ఊక 3, 4 అంగుళాల మందం పోయండి. వేరుశనగ పొట్టు కూడా పనిచేస్తుంది కానీ తడిస్తే బూజు పడుతుంది, ఆ బూజు విషం. సన్నటి రంపపు పొట్టు పిల్లలు మేతనుకుని తినేస్తాయి. మీకు ఊక సులువుగా దొరుకుతుంది, అదే నయం.

వారానికి రెండుసార్లు పారతో తిరగేయాలి. సరిగ్గా ఉందో లేదో చేత్తోనే తెలుస్తుంది: గుప్పెడు తీసి నొక్కి వదలండి. ఉండ కట్టి అలాగే నిలిస్తే తడి ఎక్కువ. పొడిపొడిగా విడిపోతే బాగున్నట్టు. మోకాళ్ల మీద కూర్చుని వాసన చూడండి, నిలబడి కాదు. కోడి ముక్కు ఉండేది నేలకు అడుగు ఎత్తులో. ఘాటుగా తగిలితే ఆ చోటు ఊక ఎత్తేసి, కొత్త ఊకలో కాస్త పొడి సున్నం కలిపి వేయండి. తడి ఎక్కువగా కర్రల కింద, నీళ్ల పాత్ర చుట్టూ ఉంటుంది. అందుకే నీళ్లు, మేత గదిలో పెట్టకండి, ఆవరణలో పెట్టండి. నీళ్ల పాత్ర అంచు కోడి వీపు ఎత్తున ఉండాలి. 11 కోళ్లకు మామూలు రోజు 3 లీటర్లు, ఎండాకాలం రెట్టింపు.

తీసిన ఊకను నేరుగా మొక్కల మొదట్లో వేయొద్దు, మాడిపోతాయి. కుప్ప పోసి రెండు మూడు నెలలు మాగనిచ్చాక తోటకు అదే బంగారం.

#15 రెండో మిద్దె

ఊళ్లో సరే, మా లాంటి పట్నం మిద్దెల మీద? 3×6 జాగా ఉంది. నాలుగు పెట్టలు కుదురుతాయా? పుంజు లేకుండా గుడ్లు వస్తాయా?

#16 పశువైద్యం

పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. పిల్లలు మాత్రం రావు. పట్నంలో పుంజును పెట్టకండి, తెల్లవారుజామున మూడున్నరకే పక్కింటివాళ్లు లేస్తారు. 3×6 అంటే 18 చదరపు అడుగులు, బయట వదిలే వీలు లేకపోతే రెండు పెట్టలకు మించి వద్దు. మిద్దె శ్లాబు వేడి కిందినుంచి కూడా కొడుతుంది. ఇటుకల మీద చెక్క నేల లేపి, దాని మీద ఊక పోయాలి. మీ మునిసిపాలిటీ నియమాలు, అపార్ట్‌మెంట్ అయితే సంఘం నియమాలు ముందే కనుక్కోండి.

జనగామ గారికి ఇంకో లెక్క. గ్రామప్రియ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. మీరు కొనేది రోజు పిల్లలను. పెట్ట, పుంజు వేరుచేసి ఇవ్వరు, సగం సగం వస్తాయి. 10 పెట్టలు కావాలంటే 25 పిల్లలు తేవాలి. పుంజులను మూడు నాలుగు నెలల్లో తీసేస్తారు. అంటే మూడో నెలలో ఈ గూట్లో ఇరవై పైచిలుకు ఉంటాయి. అప్పటికి చిన్నవే కాబట్టి సర్దుకుంటాయి, అయిదో నెల దాకా లాగొద్దు.

పిల్లలను నేరుగా ఈ గూట్లో వేయకండి. మొదటి నాలుగు వారాలు ఇంట్లో, అడుగున్నర ఎత్తు అట్టతో 4 అడుగుల గుండ్రటి కంచె కట్టి, బల్బు కింద. పిల్లకు 2 వాట్ల లెక్కన 25 పిల్లలకు 60 వాట్ల పాతకాలం తీగ బల్బు ఒకటి. ఎల్ఈడీ వెలుగిస్తుంది, వేడివ్వదు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెప్తాయి: బల్బు కింద గుట్టగా పడితే చలి, కంచె అంచుకు పారిపోతే వేడి, అంతటా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. కొక్కెర తెగులుకు లసోటా టీకా మొదటి వారంలో, మళ్లీ నాలుగో వారంలో. ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్2బి టీకా సూది. తేదీలు మీ పశువైద్యశాలలో రాయించుకోండి.

#17 పెన్నా ఒడ్డు

తలుపుల గురించి. గదికి ఒకటి ఉత్తరం వైపు, అక్కడే ఎత్తు ఎక్కువ. ఆవరణకు ఒకటి. రెండూ 5.5 × 2.5 అడుగులు, బయటికి తెరుచుకోవాలి. గదిలోంచి ఆవరణలోకి కోళ్లు వెళ్లే సందు 12 అంగుళాల వెడల్పు, 14 ఎత్తు, పైకి జారే రేకు పలకతో. రాత్రి ఆ పలకా దించాలి. ఆవరణలోకి ఏదైనా వచ్చినా గదిలోకి రాకూడదు.

ఒక్క గడియ నమ్మకండి. తలుపు నడుమ ఒకటే గడియ ఉంటే కింది మూల కుక్క తోస్తే 2 అంగుళాలు వంగుతుంది, ముంగిసకు అది ద్వారబంధమే. పైనొకటి, కిందొకటి. టవర్ బోల్టు కన్నంలో చిన్న తాళమో, కనీసం నట్టు బోల్టో వేయండి. ఆవరణ తలుపు కింద మట్టి గడప ఉంచొద్దు. నడిచి నడిచి గుంట పడుతుంది, తవ్వడం అక్కడే మొదలవుతుంది. 4 అంగుళాల కాంక్రీటు గడప పోయించండి, గడపకు తలుపుకు మధ్య అర అంగుళం దాటకూడదు.

#18 గౌతమి గట్టు

పగలు పూర్తిగా బయట వదిలేస్తామన్నారు. వదలండి గానీ ఆవరణలో ఉంచగలిగే ఏర్పాటు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలండి. 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటప్పుడు కాకులు, కొంగలు వాలే చోట కోళ్లు తిరగకూడదు. ఆవరణ మీద కూడా రేకు వేయమన్నది ఎండకే కాదు, పైనుంచి పక్షి రెట్ట మేతలో పడకుండా. ఫారం నుంచి తీసేసిన ముసలి పెట్టలు చవగ్గా వస్తున్నాయని తెచ్చి కలపొద్దు.

ఆవరణలో ఒక మూల 2×2 అడుగుల చోట ఇటుకలు పేర్చి, మెత్తటి మట్టిలో పొయ్యి బూడిద కలిపి పోయండి. కోళ్లు అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి. అది వానకు తడవని మూల అయ్యుండాలి. దక్షిణం వైపు రెండు మునగ కొమ్మలు పాతితే వచ్చే ఎండాకాలానికే నీడ.

#19 జనగామ పెరడు

అందరి మాటలు కలిపి వెల్డర్‌కు కొత్త కొలతలు ఇచ్చాను: 6×16, గది తూర్పున, ఉత్తరం ఎత్తు, అర అంగుళం జాలీ మడత, చూరు కింద పట్టీ, రెండేసి గడియలు. ముందు మేస్త్రీ పనా, వెల్డింగా? కోళ్లు ఎప్పుడు దించొచ్చు?

#20 పద్నాలుగు గేజి

ముందు గుంతలు, స్తంభాలు. వాటిని తాడు కట్టి, మట్టం చూసి నిలబెట్టి కాంక్రీటు పోయించి వారం నీళ్లు పట్టించండి. ఆ తర్వాత వాసాలు, పర్లిన్లు, రేకులు. కప్పు పడ్డాక పిట్టగోడ, గది నేల, నీడలో మంచిగ తడి పట్టి ఆరుతయి. జాలీ చివరిది. జాలీ బిగించినంక మేస్త్రీని రానిస్తే సిమెంటు చల్లి పాడు చేస్తడు. వెల్డింగ్ చేసినచోట జింకు కాలిపోతది, ప్రతి అతుకుకూ తీగబ్రష్షు కొట్టి రెడాక్సైడు, దాని మీద అల్యూమినియం పెయింటు. వాసన పూర్తిగా పోయినంకనే కోళ్లు.

అంతకుముందు ఒక రాత్రి గదిలో పెద్ద బల్బు వెలిగించి తలుపులు మూసి చుట్టూ తిరగండి. గోడకూ ఫ్రేముకూ మధ్య, రేకు కింద, గడప దగ్గర, జాలీ కన్ను కన్నా వెడల్పుగా వెలుగు గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి తెల్లారి మూయించండి.

#21 పశువైద్యం

నేల కూడా వెతకండి. జాలీ కోసిన తీగ ముక్కలు, స్క్రూలు, వెల్డింగ్ రాడ్ తుండ్లు మట్టిలో మెరుస్తుంటాయి, కోడి ముందు వాటినే పొడుస్తుంది. మింగిన తీగ కందనకాయను చీలుస్తుంది, పైకి ఏ జబ్బూ కనిపించకుండా కోడి ఎండిపోతుంది. పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి ఆవరణంతా రెండుసార్లు ఈడ్చండి. మీ వెల్డరు పని చేసిన చోటునూ వదలకండి, కోళ్లు అక్కడిదాకా వస్తాయి.